పాలకూరకి తెల్ల రుమాలు

బస్సు డ్రైవరుకి మేడమీది పాలకూరంటే ప్రాణం. రోడ్డు పొగ ఆకుల్లోకి ఎక్కుతుందని ఎవరో చెప్పినప్పటినుంచీ, రోజూ పొద్దున్నే చంటిపిల్లాడి ముక్కు తుడిచినట్టు ఒక్కో ఆకునీ తెల్ల రుమాలుతో తుడుస్తూ, పొగ వదిలేవాళ్లని ఏడు తరాలకి సరిపడా తిడుతున్నాడు.

ఆ రోజు రుమాలు నల్లబడేసరికి ఒళ్లు మండింది.

"చూశావా, ఇది మసి కాదు, బొగ్గు! ఏ దరిద్రుడి బండో గానీ, వాణ్ణి జైల్లో వెయ్యాలి!"

భార్య పిట్టగోడ మీంచి కిందికి తొంగిచూసింది. బ్యాటరీ బాగాలేదు, ఆపితే మళ్లీ స్టార్టవదని ఆయన అరగంట కిందట ఇంజను ఆపకుండా వదిలొచ్చిన బస్సు, గుమ్మం ముందే గుప్పుగుప్పున పొగ కక్కుతోంది.

ఆవిడ నింపాదిగా అంది: "జైలుకి తర్వాత వెళ్దురుగానీ, ముందు కిందికెళ్లి ఆ ఇంజను ఆపండి."