అమ్మ మాటకు పర్మిషన్

"గింజలు గుంజుకున్న రాజు గద్దె మీద నిలువడు!" ఠాణాలో కొట్టేసిన ఆ మాటనే మా చిన్న మామ స్టేజీ మీద అనేశాడు. ముందువరుసలో అమీన్‌సాబు లేచి నిలబడ్డాడు. రాజు వేషంలో పక్కనే ఉన్న నేను నా మాట మరిచిపోయాను.

మొన్న పెద్దపల్లిలో పోచమ్మ కొలుపు దగ్గర జమిడిక మోత విని, ఇదంతా మళ్లీ కళ్లముందు కదిలింది. నిజాం పోయినా మా ఊళ్లో ఎస్సైని అప్పటికింకా అమీన్ అనే పిలిచేవాళ్లు. నాటకం వేయాలంటే రాతప్రతి ముందుగా ఆయనకు చూపించాలి. మాది కాకతీయుల కాలం కథ. కరువులో రాజు రైతుల ధాన్యం పట్టుకుపోతుంటే, పూనకం వచ్చే శివసత్తి మీదికి పోచమ్మ వచ్చి హెచ్చరిస్తుంది. ఆ వేషం మామది. పగలంతా మగ్గం ముందు కూర్చునే మనిషి, చీర కడితే మా అత్తకంటే నిండుగా ఉండేవాడు. చీర అత్తదే కాబట్టి ఆమెకు రెండు విధాలా కోపం.

"గా రాజు సచ్చి ఎన్నేండ్లాయె సార్, గాయన మీద గూడ కేసేనా?" అన్నాడు మామ, ఠాణాలో అమీన్ ఆ మాట కొట్టేస్తుంటే.

"రాజు సచ్చిండు. లెవీ సావలే," అన్నాడు అమీన్. సర్కారు కూడా లెవీ పేరుతో రైతుల ధాన్యం తీసుకుంటున్న రోజులవి.

"మాట అమ్మది సార్, నేనెట్ల కొట్టేస్త?"

"అయితె అమ్మనే నా దగ్గరికి రమ్మను. పర్మిషన్ ఇస్త."

నిజాం మీద కొట్లాడిన సంఘంలో తిరిగినవాడిగా మామ మీద ఠాణాకు ముందే కన్నుంది. ఆ మాట పలికితే జైలే. అత్తకేమో నెలలు నిండుతున్నాయి. "గా నాలుగు మాటలు మింగితె నీ నోరు పడిపోతదా?" అంది. మింగుతానని ఆమె తల మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు.

సీను పండాలని మా వాళ్లు తబలా మానేసి, కొలుపుల్లో జమిడిక వాయించే బైండ్లాయన్ని పిలిపించారు. ఆయనకు నాటకానికి వాయించడం తెలియదు, అమ్మవారిని పిలవడమే తెలుసు. మోత పెరిగేకొద్దీ మామ ఒళ్లు వణికింది. చూపు ఎటో పోయింది. ఆ మాట వచ్చేసింది. ఆడవాళ్లు చెంబులతో స్టేజీ ఎక్కి ఆయన కాళ్ల మీద నీళ్లు పోశారు. ఒక ముసలామె, "అవ్వా, వానలెప్పుడు పడతయి?" అని అడిగింది. పట్టుకోవడానికి వచ్చిన జవాను బూట్లు విప్పి, "సార్, అమ్మ దిగేదాక ముట్టరాదు," అన్నాడు. అమ్మను రమ్మన్న అమీన్‌సాబు, వచ్చాక ఎటు చూడాలో తెలియక నిలబడిపోయాడు.

మరునాడు పొద్దున ఠాణాలో అమీన్ అడిగింది ఒక్కటే. "నువ్వన్నవా, అమ్మన్నదా?"

మామ చెప్పిందీ ఒక్కటే. "యాదికి లేదు సార్."

పూనకం దిగినవాళ్లు అనేదీ అదే, ఠాణాలో తెలివైనవాళ్లు అనేదీ అదే. అమీన్ ఆయన్ని వదిలేసి, నాటకాన్ని నిషేధించి, రాతప్రతి ఉంచుకున్నాడు.

అత్తకు బిడ్డ క్షేమంగానే పుట్టింది. కానీ జనం కొబ్బరికాయలతో మగ్గం దగ్గరికే వచ్చేవాళ్లు. "నన్నడుగుతరేంది, నాకేం ఎరుక!" అని మామ విసుక్కునేవాడు. మళ్లీ ముఖానికి రంగు వేయలేదు. "అమ్మ అయితె దండం పెడ్త, గీయన అయితె తన్నాలె. ఎటూ తేలనిస్తలేడు," అనేది అత్త, సగం నవ్వుతూ. ఆ మిగతా సగంలో తన తల మీది ఒట్టు ఉండేది. పత్రికలో చేరాక నేనూ ఎన్నోసార్లు అడిగాను. ప్రతిసారీ నాడెలో దారం కండె మార్చి, మళ్లీ నేత మొదలుపెట్టేవాడు.

మామ పోయాడు, అత్త పోయింది. లెవీ పోయింది, అమీన్లూ పోయారు. ఆ నాటకం మీద నిషేధం ఎత్తేసినట్టు మాత్రం ఇప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు.