నవమినాడు మొరాయించిన సర్వరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, మనుషులతో మాట్లాడటం కష్టమనీ యంత్రాలతో మాట్లాడటం సులువనీ నాకో గట్టి నమ్మకం ఉండేది. మనుషులు ఎదురుపడగానే "ఏంటమ్మా ఇలా చిక్కిపోయావు?" అంటారు. దానికి జవాబేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. యంత్రమైతే తన బాధేదో తెర మీద ఒక వరుసలో రాసి ఊరుకుంటుంది, మన ఒంటి సంగతి ఎత్తదు. అందుకే ఆఫీసులో పక్కన పడేసిన పాత కంప్యూటర్ని అడిగి తెచ్చుకుని (అడగడానికి వారం పట్టింది, తేవడానికి ఒక ఆటో చాలింది), దాన్లో లినక్స్ ఎక్కించి, గవర్నర్‌పేటలో మా ఇంటి హాల్లో టీవీ బల్ల కింద పెట్టి, దానికి 'సర్వరు' అని పేరు పెట్టాను. పగలూ రాత్రీ ఆగకుండా పనిచేసే ఆ పెట్టెను చూసుకుని నాకెంత గర్వమో, రోజూ రాసుకునే డైరీలో స్నేహితురాళ్ళ కంటే దాని కబుర్లే ఎక్కువుండేవి. అమ్మ మాత్రం దాన్ని 'ఆ మూలుగుడు పెట్టె' అనేది.

మూలుగుడు పెట్టెలో ఎన్ని ఉన్నా, విలువైనది ఒక్కటే. మా మేనత్త మేడ మీద గదిలో పిల్లలకు నాట్యం నేర్పుతుంది. చిన్నప్పుడు కూచిపూడిలో ఆవిడకు నేర్పిన మాస్టారు పాడిన పాటలు కొన్ని పాత కేసెట్లలో ఉండేవి. మాస్టారు ఇప్పుడు లేరు. ఆ పాటలన్నీ నేను సర్వరుకు తగిలించిన చిన్న హార్డ్‌డిస్కులోకి ఎక్కించాను. ఎక్కిస్తుండగానే టేపు ప్లేయరు ముసలి కేసెట్లను ఒక్కొక్కటిగా నమిలేసింది. "పోన్లే, నీ దగ్గర ఉన్నాయిగా," అంది అత్త. ఉన్నాయి మరి! నేను తలూపిన తీరు చూస్తే బ్యాంకు లాకరు కూడా సిగ్గుపడేది.

ఆ ఏడు దసరాలకు మా వీధి పందిట్లో, నవమి సాయంత్రం అత్త దగ్గర నేర్చుకునే పిల్లల నాట్యం పెట్టారు. మాస్టారి గొంతుకు తన పిల్లలు ఆడటం అదే మొదటిసారి. పొద్దున్నే అత్త వచ్చి ఆ పాటలు తన ఫోన్లో వేసిమ్మంది. చూస్తే సర్వరు మూలగడం లేదు.

"నేనే ఆపానే," అంది అమ్మ. "ఆయుధపూజ కదా. తీగలన్నీ ఊడదీసి, శుభ్రంగా తుడిచి, బొట్టు పెట్టి మళ్ళీ తగిలించాను. దానికీ ఒక్క పూట విశ్రాంతి ఉండద్దూ?"

మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది, ఆపైన ఉలుకూ పలుకూ లేదు. సర్వరుకు సొంత తెర లేదు, దాని గోడు వినాలంటే హాల్లో టీవీకి తగిలించాల్సిందే. అప్పటికి హాల్లో మా మామ్మ, బాబాయి, అమ్మవారి దర్శనానికి చల్లపల్లి నుంచి దిగిన చుట్టాలు కలిసి టీవీలో అలంకారం చూస్తున్నారు. పదిమంది చూపులు వీపున గుచ్చుకుంటుండగా నేను అమ్మవారిని తీసేసి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పెట్టాను. అంతకంటే పెద్ద పాపం ఆ రోజున బెజవాడలో ఇంకెవరూ చేసి ఉండరు.

తీగ పీకడంతో లోపలున్న బిళ్ళ బ్యాటరీ అయిపోయిన సంగతి బయటపడింది. యంత్రం తేదీ మర్చిపోయి ఏళ్ళ వెనక్కి వెళ్ళి కూర్చుంది, ఏదో ఒక మీట నొక్కితే గానీ ముందుకు కదలనంది. తెర మీద సంవత్సరం చూసి బాబాయి, "ఇందులో నాకింకా పెళ్ళి కాలేదే! అమ్మడూ, ఇలాగే ఉంచేయమ్మా," అన్నాడు. వంటింట్లోంచి పిన్ని, "నాకూ కాలేదు, ఉంచేయమను," అంది.

మీట నొక్కాను. పచ్చటి అక్షరాలతో వరుసలు జరజరా పాకాయి. చుట్టాలు ముచ్చటపడ్డారు. ఇంతలో ఒక్క వరుస దగ్గర అది ఆగిపోయింది. ఎర్రటి చుక్కలు అటూ ఇటూ ఊగుతూ దేనికోసమో ఎదురుచూశాయి, చివరికి 'ఎమర్జెన్సీ' అని రాసి చేతులెత్తేశాయి.

బాబాయి పైకి చదివాడు. "ఎవరికిరా ఎమర్జెన్సీ?" అని మామ్మ కంగారుపడింది.

నాకే. పాటల డిస్కు కనబడటం లేదని యంత్రం చక్కగా, స్పష్టంగా రాసింది. (అది కనబడకపోతే అసలు లేవద్దని దానికి రాసిపెట్టిందీ నేనే. ఎక్కడో చూసి దించిన వరుస.) కనబడటం లేదంటే చచ్చిపోయిందని నేను అర్థం చేసుకున్నాను. అత్త పిల్లల గజ్జెలు సరిచూస్తున్నదల్లా ఆగి, "పోయాయా?" అంది. "చూస్తున్నానత్తా," అన్నాను.

"ఇంకో కాపీ పెట్టుకోలేదటమ్మా?" అన్నాడు బాబాయి.

"మూడున్నాయి బాబాయ్."

"మరింకేం!"

"మూడూ ఆ డిస్కులోనే ఉన్నాయి."

చల్లపల్లి పెద్దమ్మ ఒకావిడ నిట్టూర్చి, "మూడు తాళంచెవులూ బీరువాలోనే పెట్టి తాళం వేసిందన్న మాట," అంది. ఆఫీసులో నాకు శిక్షణ ఇచ్చినవాళ్ళెవరూ ఇంత బాగా చెప్పలేదు.

ఇక వైద్యం మొదలుపెట్టాను. పెట్టె విప్పడానికి స్క్రూడ్రైవరు అడిగితే, "అమ్మవారి దగ్గర పెట్టాగా, రేప్పొద్దున ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు," అంది అమ్మ. చాకూ అక్కడే, కత్తెరా అక్కడే. చివరికి బాబాయి బండి తాళంచెవితో స్క్రూలు తిప్పాను. లోపల్నుంచి కుంకుమా, ఒక బంతిపూరేకూ రాలాయి. మెమరీ ముక్క పీకి రబ్బరుతో రుద్దాను, మళ్ళీ గుచ్చాను. డిస్కు తీగను యంత్రం వైపు లాగి చూశాను, గట్టిగానే ఉంది. రెండో చివర బల్ల వెనక్కి పోయింది, అటు చూడాలని నాకు తోచలేదు. తెలిసిన ఆదేశాలన్నీ కొట్టాను. "మళ్ళీ కుదర్లేదు," అని బాబాయి క్రికెట్టు వ్యాఖ్యానంలా చెబుతూనే ఉన్నాడు. చెవులు కాలిపోతున్నాయి. బల్ల కిందకు దూరి అక్కడే ఉండిపోదామనిపించింది గానీ, అత్త ఇంకేమీ అడక్కుండా నా పక్కనే నేల మీద కూర్చుంది. ఆ కూర్చోవడం చూస్తే పారిపోవడానికి కాళ్ళు రాలేదు.

మధ్యాహ్నం నైవేద్యానికి గంట మోగింది. పూజగది గుమ్మం దగ్గర అందరి వెనకా నిలబడి కళ్ళు మూసుకున్నాను. హారతి కళ్ళకద్దుకుని చూద్దును కదా, కత్తిపీట, బాబాయి పంపుసెట్ల దుకాణం పానాలు, అత్త నాట్యానికి వాయించే తాళాలు, వాటి మధ్య గంధం పూసుకుని, కుంకుమబొట్టుతో, నెత్తిన చామంతితో నా హార్డ్‌డిస్కు!

"అమ్మా! అది నాది!" ఆ అరుపు నా గొంతులోంచే వచ్చిందని నమ్మడానికి నాకే కాస్త సమయం పట్టింది.

"నీదేనే, ఎవరు కాదన్నారు?" అంది అమ్మ తాపీగా. "అందరి పనిముట్లూ పెట్టి నీది పెట్టకపోతే ఎలా? పెద్దపెట్టె బరువుగా ఉందని చిన్నది పెట్టాను."

పరుగెత్తి అందుకోబోతే మామ్మ చెయ్యి అడ్డుపెట్టింది. "రేపటిదాకా తాకడానికి వీల్లేదు. మీ తాతయ్య నవమినాడు నాగలి కదిపారా ఎప్పుడైనా?"

"అత్త పిల్లలు సాయంత్రం ఆడాలి మామ్మా!"

"ఆడనీ. అది మాత్రం కదలదు."

మామూలుగా అయితే 'సరే మామ్మా' అని మేడెక్కి, డైరీలో నాలుగు పేజీలు ఏడ్చేదాన్ని. అత్త వైపు చూశాను. ఆవిడ డిస్కునే చూస్తోంది. నాకెక్కడి ధైర్యమో, "కదపను మామ్మా. మెషీన్నే దాని దగ్గరికి తెస్తాను," అన్నాను.

"ఇవాళ పనిముట్టుతో పని చేయించకూడదే."

"పని కాదు మామ్మా. పాట."

"ఎవరి పాట?"

"మా మాస్టారిదమ్మా," అంది అత్త.

మామ్మ అడ్డుపెట్టిన చెయ్యి దించింది. "అయితే ముందు అమ్మవారికి వినిపించండి. ఆ తర్వాత మీరేం చేసుకుంటారో నేను చూళ్ళేదు," అని అటు తిరిగి కూర్చుంది.

ఇక చూడాలి మా ఊరేగింపు! బాబాయి పెట్టె ఎత్తుకున్నాడు, పిన్ని కీబోర్డు పట్టుకుంది, చుట్టాలు ఎక్స్‌టెన్షన్ తీగ పరిచారు. డిస్కు కదలకుండా, చామంతి జారకుండా తీగ గుచ్చాను. పెట్టె ఆన్ చేశాను. తెర లేదు కాబట్టి మనసులో అంకెలు లెక్కపెట్టుకుని, అది అడిగే 'ఏదో ఒక మీట' గుడ్డిగా నొక్కాను. పెట్టె మూలిగింది. ఆ మూలుగు అంత తియ్యగా ఉంటుందని అమ్మ కూడా ఎప్పుడూ అనుకుని ఉండదు. కాసేపటికి వైఫైలో సర్వరు దొరికింది, మాస్టారి పాటలు అత్త ఫోన్లోకి దిగాయి, మొదటి పాట అమ్మవారు విన్నారు.

అంతా అయ్యాక, చెమట తుడుచుకుంటూ బాబాయి, "అమ్మడూ, ఆ చిన్న డబ్బాను నీ ల్యాప్‌టాప్‌కే గుచ్చేస్తే సరిపోయేది కాదూ?" అన్నాడు. నేను చామంతిపువ్వును సరిచేశాను. సరిపోయేదే.

సాయంత్రం పందిట్లో పిల్లలు వరుసగా నిలబడ్డారు. నేను ఎవరికీ కనబడకుండా పెద్ద స్పీకరు వెనక నిలబడ్డాను. మూడు కాపీల్లో రెండు నేను పాట కాని చప్పుళ్ళన్నీ తీసి శుభ్రం చేసినవి. హడావిడిలో అత్త ఫోన్లో నేను వేసింది, కేసెట్లో ఉన్నది ఉన్నట్టుగా దించిన మూడోది. పిల్లలు ఆడాల్సిన రెండో పాటకు బదులు ముందు ఒక దగ్గు వినిపించింది. ఆపైన వీధంతా మారుమోగేలా మాస్టారి గొంతు, "కళ్ళెత్తమ్మాయ్! నేల మీద ఏం పారేసుకున్నావు?" అంది. ఎన్నో ఏళ్ళ కిందట, సిగ్గుతో తల దించుకుని నిలబడ్డ మా అత్తను కసిరిన మాట అది. జనం ఘొల్లున నవ్వారు. వేదిక మీద పిల్లలంతా ఒక్కసారిగా కళ్ళెత్తారు. పక్కన నిలబడ్డ అత్త నవ్వుతూ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ, తనూ తలెత్తింది.

స్పీకరు వెనక ఉన్న ఆ పిల్ల (అప్పటి నేనే) కూడా కళ్ళెత్తింది. పందిరి, దీపాలు, అన్ని మొహాలు ఒక్క క్షణం చూసి, ఎవరో తనవైపు తిరిగేసరికి చటుక్కున మళ్ళీ నేల చూసుకుంది. ఎంతైనా మాస్టారు కసిరింది తనను కాదు కదా.