దాపట ఎద్దు

రైతు సంఘం నాయకుడు నన్ను పక్కకు జరగమన్న మాట నేను ఇప్పటికీ మరువలేదు. ఆ మాటకు బదులుగా నేను చేసిన పనినీ మరువలేదు. మొదటిది కనపడ్డవాళ్లందరికీ చెప్పాను. రెండోది ఇప్పుడే రాస్తున్నాను.

బిజినేపల్లి పక్కన మా ఊరు. నిజాం పాలన, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు ఒక ఎద్దు, పక్క మెట్టచెల్క రైతుకు ఒక ఎద్దు. రెండింటినీ కలిపి కడితేనే మా ఇద్దరికీ అరక. కుడివైపు, వలపట నాది. ఎడమవైపు, దాపట అతనిది. ఒక ఏడు నా చెల్క ముందు విత్తితే మరుసటి ఏడు అతనిది ముందు. అతను నన్ను బావా అని పిలిచేవాడు. చుట్టరికమేమీ లేదు, ఎద్దుల పొత్తు అంతే.

ఆ ఎండాకాలం చివర ఒక అధికారి ఊళ్లు తిరిగే దౌరాకు వచ్చాడు. ఆయన డేరాలు, పెట్టెలు మోయడానికి ఊళ్లో బండ్లు పట్టారు. కూలి లేదు, వెట్టి. బండి నాది, ఎద్దులు ఇద్దరివి. అతను చలిజ్వరంతో పడుకున్నాడు కాబట్టి నేనే తోలాను. నాగర్‌కర్నూల్ దారిలో ఎత్తు ఎక్కుతూ మిగతా బండ్లకు వెనకబడ్డాం; అక్కడ దాపట ఎద్దు మోకాళ్ల మీద పడింది. బరువు దించుదామన్నాను. వెంట ఉన్న జవాను వినలేదు. కర్ర తీసుకుని లేచేదాకా కొడతానన్నాడు. అన్నట్టే కొట్టాడు. అది మళ్లీ లేవలేదు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నాయకుణ్ణి వెతికి పట్టుకున్నదీ నేనే. వనపర్తిలో ఒక ఇంటి అరుగు మీద ఆయన ముందు కూర్చుని జరిగినదంతా చెప్పాను. వస్తానన్న మాట ప్రకారం ఆయన మా ఊరికి వచ్చాడు. కళ్లంలో సభ పెట్టారు. నేను ఉతికిన ధోవతి కట్టుకుని, ఆయనకు దండ వేసి, ముందే నిలబడ్డాను. నేను చెప్పిన మాటలనే నేను చెప్పిన వరుసలోనే ఆయన చెప్పాడు. చెప్పింది ఎవరో అనలేదు. ఆఖరున నావైపు చూసి చెయ్యి ఊపాడు.

"పెద్దమనిషీ, జర పక్కకు జరుగు. ఎద్దు పోయిన రైతు ముందుకు రావాలె."

"నీ ఎద్దు ఇంక సావలేదు గదనే, ఎనుకకు రా!" అని ఎవరో అరిచారు. కళ్లమంతా నవ్వింది. నేను వేసిన దండనే నాయకుడు తన మెడలోంచి తీసి, ముందుకొచ్చిన మా పొత్తు రైతు మెడలో వేశాడు.

సాయంత్రం అతను ఆ దండ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "గిది నువ్వు తెచ్చిందే గద బావా, ఉంచుకో."

"నాకెందుకు? నాయకునికి దోస్తువు నువ్వాయె."

"దండేసుకుని దున్నుతనా ఏంది?" అని నవ్వాడు. "నువ్వు సాక్ష్యం చెప్తె ఎద్దొస్తది. నాకు గదే గావాలె. మిరుగు కార్తె దగ్గర పడ్డది, ఇత్తాలె."

నాయకుడు తిరగ్గా తిరగ్గా తాలూకా కచేరీలో విచారణ పెట్టారు. చచ్చిన ఎద్దు ఆరోగ్యమైనదని, దెబ్బలకే చచ్చిందని తేలితే బదులు ఇంకో ఎద్దు ఇప్పిస్తామన్నారు. ఆ రోజు కచేరీ వాకిట్లో నాయకుడు అందరినీ పలకరించాడు, నన్ను తప్ప.

"ఎద్దుకు ముందునుంచి రోగమున్నదా?" అని లోపల అడిగారు.

"తెల్వదు."

"జవాను కొట్టంగ చూసినవా?"

"చూడలే."

ఇంకోసారి అడుగుతారనుకున్నాను. నాయకుడు లేచి నా దగ్గరికొచ్చి, నువ్వు లేకపోతే ఈ పని కాదు అంటాడనుకున్నాను. అప్పుడు నిజం చెప్పాలని నోట్లోనే పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. గుమాస్తా రాసుకుని నాతో సంతకం చేయించుకున్నాడు. కాగితాలు కట్ట కట్టేశారు; బదులు ఎద్దు లేదు.

బయటికొచ్చాక నాయకుడు నా దగ్గరికొచ్చాడు. "నాకు చెప్పింది నువ్వే గదయ్యా," అన్నాడు. నేను కోరుకున్న మాట అదే. కళ్లంలో అందరి ముందు అనాల్సిన మాట అక్కడ అన్నాడు. తర్వాత రోజుల్లో ఆయన శాసనసభకు పోయాడు. ఓట్లకు వచ్చినప్పుడు నా గుమ్మం ముందు ఆగలేదు. అదీ నాకు గుర్తుంది. కానీ దాన్ని తప్పని అనలేను.

ఇంటికి నడిచిన దారంతా అతను నాకు పది అడుగులు ముందు నడిచాడు.

వాన పడిన మరునాడు పొద్దున్నే భుజం మీద విత్తే గొర్రు పెట్టుకుని వచ్చాడు. వెనక పాలిచ్చే ఆవు, దాని దూడ. మా దిక్కున ఆవు మెడ మీద కాడి పెట్టడం ఎవరూ చేయరు. దారిన పోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు.

"ఈ యేడు నీ చెల్క ముందు గద బావా. ఎద్దును ఇడువు."

"నీదే ముందు ఇత్తుదాం," అన్నాను.

"వరుస వరుసనే," అన్నాడు.

నా ఎద్దు పక్కన, దాపట, ఆవును కట్టాడు. గట్టు మీద దూడ అరిచినప్పుడల్లా ఆవు అటు తిరిగేది, గొర్రు పక్కకు పోయేది. నా చెల్కలో జొన్న ఆ ఏడు సాళ్లన్నీ వంకరగా మొలిచింది. ఇదేందిట్ల అని ఎవరడిగినా నేను కలుపు తీసే వంకన వంగేవాణ్ణి. అతనే జవాబు చెప్పేవాడు.

"ఆవుకు కొత్త గదా," అనేవాడు.