కంప్యూటర్లో దాచిన ఎర్రగడ్డ

ధర్మవరంలో మా అత్తగారింటి కంప్యూటరు నడింట్లో ఉండేది. ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క రెండు మగ్గాలున్న కొట్టం. ఎవరు ఎటు పోవాలన్నా దాని ముందు నుంచే పోవాలి. అది మా మరిది కంప్యూటరు. చీరల అంచులకు, కొంగులకు డిజైన్లు గీసేది దాంట్లోనే. పెళ్ళికి ముందు నేను హిందూపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో రెండేళ్ళు పాఠాలు చెప్పినాను కాబట్టి, గీసినవాటికి రంగులు నింపే పని నాకు అప్పజెప్పినాడు. మధ్యాహ్నం భోజనాలైనాక రెండు గంటలు ఆ కుర్చీ నాది.

ఆ ఇంట్లో నాకు సొంతంగా ఉన్నది ఇంకొకటుంది. పౌడరు డబ్బా. దాని అడుగున నా మాత్రలు ఉండేవి.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు, పెనుకొండలో బడి ప్రార్థనలో నిలబడి ఉండగా మొదటిసారి ఫిట్స్ వచ్చింది. నాయన హిందూపురం తీసుకుపోయి ఒక డాక్టరుకు చూపించినాడు. మాత్రలు మొదలుపెట్టినాక ఇంకో మూడు సార్లు వచ్చి, ఆగిపోయింది. పెళ్ళిచూపులకు ముందు రోజు నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నాలుగేండ్లాయ కదమ్మా అది రాక. లేని దాన్ని ఎందుకు చెప్పేది?" అన్నాడు.

నేను తల ఊపినాను. ఆ తప్పులో నా వంతు అది. అంతా నాయన మీదికే తోసేయలేను.

నాకు మూడో నెల నడుస్తున్నప్పుడు పెనుకొండ నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఫోను కూడా నడింట్లోనే. అత్త పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది.

"నువ్వేం మాట్లాడొద్దు, ఊరికే విను," అంది అమ్మ. "ఆ మాత్రలు నిలిపేయి. కడుపులో బిడ్డకు మంచిది కాదంట. ఈడ ఒకామె చెప్పింది."

"సరేమ్మా," అన్నాను. "ఊరగాయ పంపీ."

అత్త నవ్వింది. "ఏం పులుపు మీద మనసు పోతాండాదా?" అంది.

మూడు రోజులు మాత్ర మింగలేదు. మూడో రోజు పొద్దున చపాతీ పిండి కలుపుతుంటే నా ఎడమ చేయి ఒక్కసారి ఎగిరిపడింది. గిన్నె జారి కింద పడింది. ఎవరూ చూడలేదు. ఆ ఎగిరిపడటం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పెద్దది వచ్చే ముందు అదట్లా పలకరించి పోయేది. మింగితే బిడ్డకేమవుతుందో తెలియదు. మింగకపోతే ఏ పూట, ఎవరి ముందు పడిపోతానో తెలియదు. అడగడానికి మనిషి లేదు. డాక్టరు దగ్గరికి పోవాలంటే ఇంట్లో కారణం చెప్పాలి. నెట్ సెంటర్‌కు పోదామంటే ఊర్లో నన్ను ఆ ఇంటి కోడలిగా గుర్తుపట్టని సెంటర్ లేదు.

ఇంట్లో నెట్ ఉంది. అప్పటికి ఏడాదిగా ఉంది. కానీ దాని మీద కాపలా కూడా ఉంది. ఆ ముందు ఏడాది మా మరిది నాలుగు నెలలు కూర్చొని గీసిన ఒక అంచు, మా మగ్గం దిగకముందే వేరేవాళ్ళ చీర మీద కనబడింది. ఆ మనిషి వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ తర్వాత తెలిసినాయనను పిలిపించి, కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం పెట్టించినాడు. ఎవరు ఏ సైటు తెరిచినా దాని పేరు, టైముతో సహా ఒక పట్టీలో రాసిపెట్టేది. ఆదివారం ఆదివారం ఆ పట్టీ చదివేవాడు. నేను బొమ్మల కోసం తెరిచిన సైట్ల పేర్లు కూడా చదివి, "వదినా, ఆ నెమలి బాగుండాది," అనేవాడు. దాంట్లో ఫిట్స్ అనే మాట, గర్భం అనే మాట పక్కపక్కన కనబడితే ఇంకేం మిగలదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, నా ట్రంకుపెట్టెలోని సీడీ. హిందూపురం సెంటర్లో నాతోపాటు పాఠాలు చెప్పిన స్నేహితురాలు దాన్ని ఒక పత్రికతో వచ్చిన సీడీల్లోంచి కాపీ చేసి ఇచ్చింది. ఎవరు ఏం చూస్తున్నారో తెలియకుండా నెట్ చూసే సాఫ్ట్‌వేరు అందులో ఉంది. మనం అడిగింది నేరుగా పోకుండా ఎవరెవరివో మూడు కంప్యూటర్ల గుండా తిరిగి పోతుంది, పొరలు పొరలుగా చుట్టుకొని. అందుకే దాని గుర్తు ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ. సెంటర్లో ఒకసారి ఇద్దరం సరదాకు వేసి చూసి, మన అడ్రసు ఏదో చలిదేశంలో ఉన్నట్టు చూపిస్తే నవ్వుకున్నాము.

ఆ మధ్యాహ్నం మా ఆయన పట్టు ఇచ్చి రావడానికి కొత్తచెరువు పోయినాడు. మరిది మగ్గానికి ఎక్కించే డిజైను అట్టలకు చిల్లులు కొట్టించుకురావడానికి బయటికి పోయినాడు. అత్త గడప పక్కన చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. కొట్టంలో మగ్గం ఆడుతూ ఉంది. ఆ చప్పుడు ఉన్నంతసేపు నా కీబోర్డు చప్పుడు వినబడదు.

సీడీ పెట్టినాను. అది తిరగడం మొదలుపెట్టేసరికి ఇల్లంతా మోగినట్టు అనిపించింది. ఎక్కడ వేయాలని అడిగింది. డిజైన్ల ఫోల్డర్ లోపల, పాత రంగుల ఫోల్డర్ లోపల, ఇంకో ఫోల్డర్ చేసి అక్కడ వేసినాను. నీలం గీత సగం నిండి ఆగింది. కొట్టం వైపు ఒకసారి చూసినాను. మళ్ళీ కదిలింది. తెర కింద మూల, గడియారం పక్కన, ఎర్రగడ్డ బొమ్మ వచ్చింది. ముందు ఎర్రగా, దాని మీద అడ్డగుర్తు. తర్వాత పసుపు. పచ్చగా మారితేనే దారి దొరికినట్టు.

అది పసుపులోనే నిలబడిపోయింది.

"ఏంది తల్లీ, చప్పుడే లేదు? నిద్రపోతాండావా?" అంది అత్త, ఇటు తిరగకుండానే.

"లేదత్తా. కొంగుకు రంగు చూస్తాండా."

"కండ్లు నొప్పి పెట్టుకోవాకు."

ఆ మాటకు ఆమె వీపు వైపు చూసినాను. తల తిప్పి చూసేసరికి ఎర్రగడ్డ పచ్చగా ఉంది.

ఇంగ్లీషులో రెండు మాటలు కొట్టినాను. పేజీ ఒక్కో వరుసే దిగుతోంది. చదివింది అర్థం కాక అదే వాక్యాన్ని నాలుగుసార్లు చదివినాను. మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపితే వచ్చే ఫిట్స్ తల్లికీ బిడ్డకీ ప్రమాదం. కొన్ని మందులు బిడ్డకు చెడు చేయవచ్చు, వాటిని మార్చవలసింది డాక్టరే, వెంటనే పోయి కలవాలి. నా మాత్ర పేరు కోసం కిందికి పోతున్నాను. ఇంతలో వీధిలో మరిది బండి ఆగిన చప్పుడు.

పేజీ మూసేసినాను. ఎర్రగడ్డ పోలేదు. మూసేయమని నొక్కితే, నిజంగానే మూయాలా అని అడిగి, అట్లే నిలబడింది. గడప దగ్గర చెప్పులు విడిచిన శబ్దం. కాలు ముందుకు చాపి, కింద ఉన్న స్విచ్చు బొటనవేలితో నొక్కేసినాను. తెర నల్లబడింది.

"ఏం వదినా, కరెంటు పోయిందా?"

"లేదబ్బా. కాలు తగిలింది."

అతను అట్టలు కింద పెట్టి, చెంబుడు నీళ్ళు తాగి, నన్నొకసారి చూసినాడు. "సేవ్ చేసుకుంటివా?" అని అడిగినాడు. చేసుకున్నానన్నాను. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మాత్ర మింగినాను. డాక్టరు దగ్గరికి ఎట్లా పోవాలో మాత్రం తోచలేదు.

ఆదివారం వచ్చింది. నేను లెక్క తప్పింది ఎక్కడో ఆ రోజు తెలిసింది. ఆ సాఫ్ట్‌వేరు నన్ను లోకం నుంచి దాచింది, నిజమే. నేను చూసిన సైటు పేరు పట్టీలో లేదు. దాని బదులు వరుసగా నెంబర్లు ఉన్నాయి. ఏవేవో దేశాల కంప్యూటర్ల నెంబర్లు. వాటి పక్కనే, మా ఇంట్లో నుంచి వాటికి సమాచారం పోయినట్టు గుర్తు. మామూలుగా చూసి ఉంటే ఒక్క వరుస పడేది. దాక్కుని చూసినందుకు పేజీన్నర పడింది.

మరిది ఆ కాగితాలు పట్టుకొని నడింట్లోకి వచ్చినాడు. మా ఆయన, అత్త ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"వదినా, ఇదేంది?"

"వైరస్ ఏమో," అన్నాను.

"వైరస్ నా డిజైన్ల ఫోల్డర్లో మూడు గదులు కట్టుకొని కూర్చుంటాదా? నువ్వు కూర్చున్న టైమే కదా ఇది. డ్రైవులో ఈ సీడీ కూడా ఉండిపోయింది." సీడీ చూపించినాడు. దాని మీద నా స్నేహితురాలు స్కెచ్ పెన్నుతో తన పేరు రాసుకుంది. స్విచ్చు ఆపేసిన హడావిడిలో దాన్ని తీయడమే మరిచిపోయినాను.

"మీ పెండ్లికొచ్చిన ఆ యమ్మ మొగుడు హిందూపురంలో చీరల వ్యాపారం కదా?" అన్నాడు మరిది. సీడీని అటూ ఇటూ తిప్పినాడు. "పోయినేడు పోయిన అంచు కూడా ఇట్లనే పోయిందేమో. అన్నా, నేను రేపు హిందూపురం పోయి ఆమెనే అడుగుతా. నలుగురిలో అడుగుతా."

మా ఆయన నా వైపు తిరిగినాడు. "చెప్పు. డిజైన్లు పంపినావా?"

"లేదు."

"మరి ఏం పంపినావు? ఎవురికి?"

దొంగ అని అనిపించుకొని ఊరుకుందామా అని ఒక్క క్షణం నిజంగా ఆలోచించినాను. దొంగతనమైతే తిడతారు, కొన్నాళ్ళకు మరుస్తారు. ఇది అట్లా కాదు. కానీ ఏ పాపమూ తెలియని మనిషి ఇంటి ముందు నిలబడి ఇతను అరిస్తే, ఆమె సంసారం ఏమవుతుంది? లేచి గదిలోకి పోయినాను. పౌడరు డబ్బా తెచ్చి, చాప మీద బోర్లించినాను. పౌడరులో కలిసి మాత్రల అట్టలు పడినాయి.

"నాకు ఫిట్స్ వస్తాయి. పద్నాలుగేండ్ల నుంచి మింగుతాండా. కడుపుతో ఉంటే మింగొచ్చా లేదా అని చూసినాను. అంతే. డిజైన్లు ఎవరికీ పంపలేదు."

కొట్టంలో మగ్గం ఆగిపోయింది. అక్కడ నేసేవాళ్ళు విన్నారో, ఊరికే ఆపినారో.

"పద్నాలుగేండ్లా?" అంది అత్త.

"పద్నాలుగో ఏట నుంచి," అన్నాను.

"మీ నాయన ఈ ఇంట్లో, ఈడనే, ఈ చాప మీద కూర్చొని భోంచేసిపాయ. ఒక్క మాట చెప్పల్ల కదా." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది.

మరిది కాగితాలు మడతపెడుతూ, "అంటే డిజైన్లు పోలేదా?" అన్నాడు. పోలేదని చెప్పినాను. అతను తల దించుకున్నాడు. మా ఆయన బండి తాళాలు తీసుకొని బయటికి పోయినాడు.

పెనుకొండకే పోయినాడని తర్వాత తెలిసింది. నాయన ఏం చెప్పినాడో, ఈయన ఏం అడిగినాడో ఇద్దరూ నాకు ఏనాడూ చెప్పలేదు. సాయంత్రం తిరిగొచ్చి, ముఖం కడుక్కొని, నాతో ఒకే మాట అన్నాడు. "రేపు పొద్దున రైలుకు హిందూపురం పోతాండాము. తయారుగా ఉండు."

రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాము. పెనుకొండ స్టేషను వచ్చినప్పుడు నన్ను ఇక్కడే దిగిపొమ్మంటాడేమో అనుకొని, సంచీ పిడి గట్టిగా పట్టుకున్నాను. రైలు కదిలింది. ఆయన కిటికీలోంచి కొండను చూస్తూ ఉన్నాడు. అప్పుడు చేతులు ఎంత బిగిసిపోయినాయో తెలిసింది.

డాక్టరు నన్ను గుర్తుపట్టినాడు. మూడు రోజులు ఆపినానని చెబితే కోప్పడినాడు. రక్తపరీక్ష రాసినాడు, స్కానింగ్ రాసినాడు, మందు మోతాదు కొంచెం మార్చి, బిడ్డ కోసం ఇంకో మాత్ర కలిపినాడు. అంతా అయినాక మా ఆయన అడిగినాడు:

"సార్, ఇంట్లో వస్తే నేనేం చేయల్ల?"

డాక్టరు టేబుల్ మీద చేయి పెట్టి చూపించినాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూసుకోవాలి. ఈయన ఆ చేతిని అట్లే చూస్తూ ఉన్నాడు, తర్వాత మళ్ళీ ఒకసారి చూపించమన్నాడు.

ఏడో నెలలో వచ్చింది. పట్టపగలు, బట్టలు మడతపెడుతుంటే. నాకేమీ గుర్తులేదు. తర్వాత మరిదే చెప్పినాడు. నా చేతిలో పెట్టడానికని అత్త ఇనుప తాళాలు పట్టుకొని ఉరికొచ్చిందంట, మా ఆయన ఆమెను ఆపి, నన్ను పక్కకు తిప్పి, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడంట. కళ్ళు తెరిచేసరికి అత్త నా పాదాలు రుద్దుతూ ఉంది. ముఖంలో కోపం అట్లే ఉంది. చేతులు మాత్రం ఆగలేదు.

ఆడబిడ్డ పుట్టింది. బాగుంది. అత్త నాయనతో రెండేళ్ళు మాట్లాడలేదు. ఆయన వస్తే మంచినీళ్ళు నా చేత ఇప్పించేది, తను లోపలికి పోయేది. మరిది ఆ సాఫ్ట్‌వేరు తీసేసినాడు. పట్టీ రాసే ప్రోగ్రాం కూడా తీసేసినాడు, ఎవరూ అడగకుండానే.

చాలా ఏళ్ళ తర్వాత ఒక రోజు మా ఆయనను అడిగినాను, పెళ్ళికి ముందే చెప్పి ఉంటే నన్ను చేసుకునేవాడివా అని. చీర మడత పెడుతున్నవాడు ఆగి, నిజంగానే ఆలోచించినాడు.

"తెల్దు," అన్నాడు. "చేసుకునేవాణ్ణని ఇప్పుడు చెప్పొచ్చు. కానీ తెల్దు."