చెవితో విననివి నలభై ఒకటి

ఆ మధ్యాహ్నం మరిది గెలిచాడు. పదకొండు మంది ఒక పక్క, ఆయనొక్కడూ ఒక పక్క. అయినా గెలిచాడు. వదిన కళ్ళారా చూసింది. ముందు గదిలో కుట్టుమిషన్ మీద ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తూ, తలుపు తీసేసిన గుమ్మంలోంచి వెనక గదిలో కంప్యూటర్ తెర మీద మాటలు ఒకదాని కింద ఒకటి వచ్చిపడటం చూస్తూనే ఉంది. అంత దూరానికి అక్షరాలు ఆనలేదు గానీ మరిది వీపు ఆనింది. తగాదాలో ఉన్నప్పుడు ఆ వీపు గోడకు ఆనించిన నిచ్చెనలా బిగిసిపోతుంది.

"ఏమంటున్నారయ్యా అంతమంది?"

"ముసలాయన కదా, పోనీలే, రాసేసుకో అంటున్నారు."

"ఎవరా ముసలాయన?"

"మాస్టారు."

"ఆయన ముసలాడైతే నీకేమన్నా పాలపళ్ళున్నాయా?"

"వదినా, కాసేపు ఆ మిషన్ తొక్కుకోరాదూ!"

మరిది లిఫ్టు మెకానిక్. ముప్పై నాలుగేళ్ళు పెద్ద పెద్ద భవనాల నెత్తిన ఉండే మోటారు గదుల్లో, గ్రీజు వాసనలో, చెవులు దిమ్మెక్కే రొదలో బతికాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు అన్నగారింట్లో నాలుగు రోజులుంటానని వచ్చినవాడు మళ్ళీ పెట్టె సర్దలేదు. పెళ్ళి ఊసెత్తితే ఎక్కడో లిఫ్టు ఇరుక్కుందని చెప్పి చెప్పుల్లో కాళ్ళు పెట్టేవాడు. అన్న పోయాక కూడా వెనక గది ఆయనది, ముందు గది వదినది. ఆమె బట్టలు సరిచేస్తుంది: పొట్టివి పొడుగు, పొడుగువి పొట్టి, బిగువైనవి వదులు. చదివింది మూడో తరగతి. కొలతల పుస్తకంలో ఆమె రాసిన అంకె తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు, అనలేరు.

మరిదికున్న ఒకే ఒక్క పిచ్చి రేడియో. అందులోనూ నోటి మాటలు కావు, మోర్స్. పొట్టి కూత, పొడుగు కూత, అంతే. వాటితోనే అక్షరాలు, వాటితోనే పేర్లు, వాటితోనే కుశల ప్రశ్నలు. ఎక్కడెక్కడో తనలాంటివాళ్ళు ఇంకొందరు చెవులు రిక్కించుకుని కూర్చుని ఉంటారు.

"ఫోనుంది కదయ్యా, చక్కగా నోటితో మాట్లాడుకోవచ్చుగా?" అని వదిన అడగని ఏడాది లేదు.

"పడవ ఉంది కదా, జనం ఈతెందుకు కొడతారు?" అని మరిది జవాబివ్వని ఏడాదీ లేదు.

అయితే ఎవరు ఏ వేళ ఏ ఫ్రీక్వెన్సీ మీద దొరుకుతారో తెలియదు. గంటలకొద్దీ పిలిచినా పలికే దిక్కుండదు. అందుకని వీళ్ళంతా కలిసి ఇంటర్నెట్‌లో ఒక చాట్ పెట్టుకున్నారు. ముప్పై మందికి మించరు. "నేను ఫలానా ఫ్రీక్వెన్సీ మీద పిలుస్తున్నాను, వినపడుతోందా?" అని ఒకరు రాస్తారు. "వస్తున్నా" అని ఇంకొకరు రాసి రేడియో తిప్పుకుంటారు. అక్కడితో చాట్ పని అయిపోవాలి. ఆ తర్వాత ఎంత బాగా వినపడింది (దానికి మూడంకెల మార్కులు), పేరేమిటి, క్లబ్బులో సభ్యుడి నంబరెంత అనే మూడు ముక్కలూ గాల్లోంచే రావాలి. ఇటు వాళ్ళూ అటు వాళ్ళూ చెవితో విన్నాకే నోటుపుస్తకంలో రాసుకోవాలి. అలాంటివి వందయితే క్లబ్బువాళ్ళు ఒక పత్రం ఇస్తారు, గోడకు తగిలించుకోవచ్చు.

ఆ రోజు మాస్టారు తొంభై తొమ్మిది దగ్గర ఉన్నాడు. వేరే ఊళ్ళో బడి చెప్పి రిటైరైన మనిషి. మరిదీ ఆయనా ఇరవై నిమిషాలు పిలుచుకున్నారు. మాస్టారి కూత ఇటు బాగానే వస్తోంది. ఇటునుంచి వెళ్ళింది మాత్రం ఆయనకు అందలేదు. చివరికి ఆయన చాట్‌లో రాశాడు, "బాబూ, ఆ నంబరేదో ఇక్కడే రాసెయ్యి, వినపడినట్టే అనుకుంటాను" అని. మరిది రాయనన్నాడు. పదకొండు మందీ విరుచుకుపడ్డారు. అందరి మాటలూ పడనిచ్చి, మరిది రెండే రెండు ముక్కలు టైపు చేశాడు. వదిన సూదికి దారం ఎక్కించే వంకతో లేచి వెళ్ళి చదివింది.

"ఇక్కడ వెతుక్కుంటాం. వినడం అక్కడ."

చాట్‌లో వాదన అక్కడితో తెగింది. సాయంత్రానికల్లా దాన్ని నడిపే ఆవిడ ఆ రెండు ముక్కల్నే తీసి అందరికీ కనపడేలా పైన అతికించింది. వదిన ఆ వారమంతా జిప్పు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళను కూడా కూర్చోబెట్టి ఈ కథ చెప్పింది. మోర్స్ అంటే ఏమిటో తెలియని మనిషి కూడా "అబ్బో, మీ మరిది గట్టివాడే" అనకుండా తన ప్యాంటు తీసుకుపోలేకపోయాడు. మాస్టారు మళ్ళీ చాట్‌లోకి రాలేదన్న సంగతి అప్పట్లో ఎవరికీ పట్టలేదు. వదినకు అసలే పట్టలేదు.

ఆ తర్వాత ఐదేళ్ళకు మరిదికి కాలింగ్ బెల్లు వినపడటం మానేసింది. ముందు బెల్లు పాడైందన్నాడు, ఊడదీసి బాగుచేశాడు. పాపం, దానికి ఏ రోగమూ లేదు. తర్వాత, జనం గొంతులు నూతిలోంచి వచ్చినట్టుంటున్నాయన్నాడు. చెవుల్లో పెట్టుకునే హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, బల్ల వెనకాల ఒక స్పీకరు పెట్టి, వీధి మలుపు దాకా కూతలు వినపడేలా పెంచాడు.

"డాక్టరు దగ్గరికెళ్ళు."

"నా చెవులకేం? వయసైంది రేడియోకి."

"రేడియోకి కళ్ళజోడు పెట్టిస్తావా మరి?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి వదిన ఇక అడగలేదు. తర్వాత చాలాకాలానికి ఆమె తనను తాను తిట్టుకున్నది ఇందుకే. నోరు చేసుకోవాల్సిన చోట జోకేసి ఊరుకుంది. ఊరుకోవాల్సిన చోట నోరు చేసుకుంది.

నోరు చేసుకున్నది ఒక ఆదివారం మధ్యాహ్నం. పెళ్ళికూతురి మేనత్త ఒకావిడ జాకెట్టు కోసం వచ్చి కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ గాభరా పడి, తొందర పెట్టి, వదిన చేతులాడనివ్వలేదు. ఇస్త్రీపెట్టె వైరు ముందు గది ప్లగ్గులో వదులుగా ఉందని, గుమ్మం పక్కన వెనక గదిలో ఉన్న ప్లగ్గులోంచి ఏదో నల్ల వైరు పీకి ఇస్త్రీపెట్టెది పెట్టింది. అతుకులు నొక్కింది, మడత పెట్టింది. అప్పుడు అనిపించింది, ఇల్లెందుకింత ప్రశాంతంగా ఉందని. అది చాట్‌లో ఉండే మందుల షాపాయనతో ప్రతి ఆదివారం మరిది రేడియోలో కలిసే వేళ. కూతలతో గోడలు అదరాలి.

తిరిగి చూసింది. మరిది బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. తల కాస్త వంచి, కనుబొమలు ముడిచి, అచ్చంగా వింటున్నవాడిలాగే ఉన్నాడు. స్పీకరు మీద ఎప్పుడూ వెలిగే ఎర్ర చుక్క ఆరిపోయి ఉంది. పీకిన నల్ల వైరు నేల మీద పడి ఉంది. మరిది కళ్ళు మాత్రం చాట్ మీద ఉన్నాయి. మందుల షాపాయన అక్కడ రాశాడు: "నీకు ఐదు ఏడు తొమ్మిది ఇచ్చాను అన్నా, అందిందా?" మరిది పెన్సిల్ తీసి నోటుపుస్తకంలో ఐదు, ఏడు, తొమ్మిది వేశాడు. తర్వాత ఒక వేలితో టైపు చేశాడు. "అందింది."

వదిన నోటికి అడ్డూ ఆపూ లేదని ఆ వీధి అంతటికీ తెలుసు.

"ఏమయ్యా, స్పీకరు చచ్చి పావుగంటయింది. అందులోంచి నీకేం అందింది?"

మేనత్త కిసుక్కున నవ్వింది. అందులో తమాషా ఏముందో ఆవిడకే తెలియదు, వదిన గొంతులో ఎత్తిపొడుపు విని నవ్వింది. మరిది స్పీకరు వైపు చూశాడు. నేల మీది వైరు చూశాడు. నోటుపుస్తకం మూశాడు. ముప్పై నాలుగేళ్ళు లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకు "భయపడకండి, నేనున్నాను" అని పైనుంచి కేకేసిన మనిషి, ఆ రోజు తలొంచుకుని లేచాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడా ఏ లిఫ్టూ ఇరుక్కోలేదని ఇద్దరికీ తెలుసు.

పద్దెనిమిది రోజులు రేడియో మీద గుడ్డ కప్పే ఉంది. అన్నం తినేవాడు, బట్టలుతికేవాడు, అడిగినదానికి తలూపేవాడు. వదిన ఒకరోజు, తన జన్మలో ఎప్పుడూ చేయని పని చేసింది. పళ్ళెం ముందు కూర్చుని, "ఆ రోజు పైవాళ్ళ ముందు అలా అనకుండా ఉండాల్సింది" అంది.

"వినపళ్ళేదు," అన్నాడు.

నిజంగా వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో ఆమెకు తెలియలేదు. ఇంకోసారి గట్టిగా అనడానికి అహం అడ్డొచ్చింది.

ఆ వారం చివర ఆయనే నోటుపుస్తకం తెచ్చి మిషన్ మీద పెట్టాడు. వాన పడుతోంది, గిరాకీ లేదు.

"పోయిన వానల నుంచీ వదినా. సన్నకూత వస్తున్నట్టే ఉంటుంది గానీ పొట్టీ పొడుగూ తేడా తెలియదు. ఏమిటీ, మళ్ళీ పంపు అని చాట్‌లో రాసేవాణ్ణి. ఒకసారి మందుల షాపతను చాట్‌లోనే రాసి, అందిందా అన్నాడు. సిగ్గేసి అందిందన్నాను. తర్వాత ఇంకొకతను. ఇలా నలభై ఒకటి."

"వాళ్ళకి తెలియదా ఏంటి, చాట్‌లో చెప్పకూడదని? పైన నీ మాటే అతికించి ఉందిగా!"

"తెలుసు. అందరికీ తెలుసు, నాకు వినపట్టం లేదని. నన్ను చిన్నబుచ్చకూడదని, ఎవరికి వాళ్ళు గుట్టుగా చెప్పేస్తున్నారు. నేను మాస్టారికి చెయ్యనన్నది వాళ్ళంతా నాకు చేశారు వదినా."

వదిన పాదం మిషన్ పెడల్ మీద ఆగిపోయింది.

"మాస్టారికీ చెవులేనా?"

"అయ్యుండాలి. ఆ రోజు నేను గట్టిగానే పంపాను. పక్క ఊరివాళ్ళందరికీ వినపడింది, ఆయనకు తప్ప. నాకు తట్టలేదు. మొన్న చాట్ నడిపే ఆవిడకు రాశాను, ఆయన ఎక్కడున్నాడో కనుక్కుందామని. ఆయన మోర్స్ కొట్టే కీ మూగబోయి రెండేళ్ళయిందట."

వాళ్ళలో మనిషి పోతే అలాగే అంటారు. వదినకు అంతమాత్రం తెలుసు.

"తొంభై తొమ్మిది దగ్గరే ఆగిపోయాడా?"

మరిది తలూపాడు.

"అయితే ఆ రోజు నంబరు రాసేస్తే పోయేదంటావు."

"అనను. నియమం తప్పు కాదు. వినంది విన్నట్టు రాయకూడదు, అంతే. కానీ, రేపు మళ్ళీ ప్రయత్నిద్దాం మాస్టారూ, వేళ మారుద్దాం, నెమ్మదిగా పంపుతాను, మీకు అందేదాకా పంపుతాను అని ఒక్క ముక్క రాయొచ్చు కదా! చాట్ ఉన్నదే అందుకు. నేను తగాదా గెలిచి కంప్యూటర్ కట్టేశాను."

వదిన, గెలిచిన కథ చెప్పి తాను ఎంతమందిని కూర్చోబెట్టిందో లెక్కేసుకోవడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది.

ఆయన స్కేలు పెట్టి, ఆమె గుడ్డ మీద గీసే పెన్సిల్ తీసుకుని, నలభై ఒక్క వరసల్నీ ఒక్కొక్కటే కొట్టేశాడు. ఎక్కడా గీత వంకర పోలేదు. అదయ్యాక కంప్యూటర్ తెచ్చి మిషన్ పక్కన పెట్టి, కుర్చీ ఆమె వైపు తిప్పాడు.

"వీళ్ళందరికీ నువ్వు రాయాలి వదినా."

"నేనా? మూడో తరగతి చదువుకి చాట్ కూడానా! అక్షరం వెతుక్కునేసరికి తెల్లారుతుంది."

"వెతుక్కో. తొందరేం లేదు. నేను రాస్తే, పెద్దాయన పాపం అని జాలిపడి, పోనీలే, ఉంచేసుకో అంటారు. నేను మెత్తబడతాను, నా సంగతి నాకు తెలుసు. నువ్వు రాస్తే ఎవరూ నోరెత్తలేరు."

"ఏం రాయమంటావు?"

"ఉన్నదున్నట్టు రాయి. ఫలానా రోజు నువ్వు పంపింది మా మరిదికి వినపళ్ళేదు, చూసి రాశాడు, కొట్టేశాడు, నీ పుస్తకంలో కూడా కొట్టెయ్యి అని. నలభై ఒక్క వరసకీ విడివిడిగా. పోనీలే అన్నవాళ్ళకి జవాబు నువ్వే చెప్పు. నన్ను మాత్రం పిలవకు."