మొదటి ప్రార్థన ఎవరిది?

ఇయ్యాల పొద్దున భద్రాచలం దగ్గర అడవంచు ఊళ్ల మా పెద్దమ్మను మట్టి చేసినం. ఆమె ఆదివారం పొద్దున కేథలిక్ గుడికి, సాయంత్రం పెంతెకోస్తు మందిరానికి పోయేది. అందుకే ఫాదరూ వచ్చిండు, పాస్టరూ వచ్చిండు. పెట్టె గుంత పక్కన దించినంక మొదటి ప్రార్థన ఎవరు చెయ్యాలని పేచీ మొదలైంది.

"పేతురు గారి నుంచి వస్తున్న అసలు తిరుసభ మాది," అన్నడు ఫాదర్.

"అపొస్తలులు నడిచిన తొవ్వల నడిచేది మేము. అసలు సంఘం మాదే," అన్నడు పాస్టర్.

మేమంతా పిడికిట్ల మట్టి పట్టుకొని ఎండల నిలబడ్డం. నాకు మస్తు కోపమొచ్చింది.

పెద్దమ్మ బిడ్డ మార్తక్క కండ్లు తుడుచుకొని లేచింది.

"ఫాదర్ గారూ, గుడి కట్టకముందు మీరు పూజ పెట్టింది మా అమ్మ పాకలనే. పాస్టర్ గారూ, ఈ ఊళ్ల మీరు మొదలు పాట ఎత్తుకున్నది గూడ ఆడనే. ఇద్దరికీ చాప పరిచింది. ఎవరిది అసలుదని ఒక్కనాడన్నా అడిగిందా?"

ఇద్దరూ గుంత దగ్గరికి జరిగిండ్రు. ఆ తర్వాత ఎవరు ముందు ప్రార్థన చేసిండ్రో నేను పట్టించుకోలే.

అసలు సంఘం ఏదో మీకు తెలిస్తే కింద రాయండి. మా ఊళ్ల దాన్నైతే ఇయ్యాల మట్టి చేసి వచ్చినం.