గిడ్డమ్మ ఇనుప కొడుకు

మంచె ఉరుకుందు అంటే డోన్ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో తెలియనివాడు లేడు. ముప్పై ఏళ్లుగా మా ఊరి ఆసామి నరసన్న జొన్నచేలో మంచె ఎక్కి, ఒడిసెల తిప్పి రాళ్లు విసురుతూ చిలకల్ని తోలాడు. చేలో అంత గొంతున్న మనిషి, ఇంట్లో భార్య గిడ్డమ్మ ముందు పిల్లిలా ఉండేవాడు. పిల్లలు లేరు. కళ్లం మీద రాసి ఎత్తే ముందు కావలివాడి ఒడిలో కూలి కింద మేర పోస్తారు. ఆ మేర జొన్నలే వాళ్లిద్దరికీ ఏడాది పొడుగునా సంగటి.

పందొమ్మిది వందల యాభై ఆరులో నరసన్నకు తెలివి ఎక్కువైంది. డోన్‌లో ఒక మెకానిక్కు కిరసనాయిలు డ్రమ్ముకు తలా చేతులూ బిగించి, లోపల పాత గ్రామఫోను స్ప్రింగు పెట్టి ఒక మనిషిని చేశాడు. కీ ఇస్తే రెండు చేతులతో రేకును డబడబా బాదుతాడు. "ముందు ముందు సేద్యం, వంట, కాపలా అన్నీ ఇనుప మనుషులే చేస్తారు. మనం కాళ్లు చాపుకోని కూసునేదేనప్పా" అని మెకానిక్కు చెబితే నరసన్న దాన్ని కొనుక్కొచ్చాడట. నరసన్న అప్పటికే కాళ్లు చాపుకొని కూర్చునే మనిషి. ఇంకెంత చాపుదామనుకున్నాడో నాకైతే అంతుపట్టలేదు.

ఇనుపోణ్ణి మంచె ఎక్కించి ఉరుకుందును దించేశారు. అయితే కీ అరగంటకే అయిపోయేది. మొదటి రోజు నరసన్నే పదిసార్లు నిచ్చెన ఎక్కి దిగాడు. రెండో రోజుకు మోకాళ్లు వాచాయి. మూడో రోజు ఉరుకుందుకు కబురు పెట్టాడు.

"కీ తిప్పుకుంటా ఆడ్నే కూసోప్పా. మధ్యాన్నం సంగటి పెడతా."

"మరి నా మేరన్నా?"

"ఇనుపోడు కాపలా కాస్తాంటే నీకు మేర యాడిదప్పా?"

వేరే పని లేక ఉరుకుందు ఒప్పుకున్నాడు. పది రోజులకల్లా చిలకలు ఆ చప్పుడుకు అలవాటు పడి, ఇనుపోడి భుజం మీదే కూర్చుని గింజలు ఒలుచుకు తిన్నాయి. ఉరుకుందు కీ తిప్పుతూ, కేకలు వేస్తూ, ఇనుపోడి నెత్తి మీద రెట్టలు తుడుస్తూ పంట చేతికి తెచ్చాడు. పేరు మాత్రం ఇనుపోడిది. నాకు ఒళ్లు మండింది గానీ, నరసన్న ముందు నోరెత్తే మొనగాణ్ణి కాదు నేను.

నూర్పిడి అయ్యాక నరసన్న మేర తీయకుండానే బస్తాలకు ఎత్తబోయాడు. "ఇనుపోడు తింటాడా, తాగుతాడా? ఇంక మేర ఎవరికి?" అన్నాడు. ఊరి పెద్ద బొజ్జన్న తన చేతికర్ర అడ్డం పెట్టాడు.

"మేర పోయకుండా రాసి కదిలిస్తే వచ్చే ఏడు వాన పడదు. కాసినోని ఒళ్లో పోయల్ల. తినేది మానేది వాని ఇష్టం."

వాన మాట వస్తే మా సీమలో ఎవరూ తెగించరు. ఇనుపోణ్ణి బండి మీద తెచ్చి, పంచె కట్టి, ఒడి పట్టించి జొన్నలు పోశారు. ఇప్పుడా జొన్నలు ఎవరింటికి పోవాలన్న తగువు వచ్చింది.

"దుడ్లిచ్చి కొన్నా. వాడు నావాడు. జొన్నలూ నావే" అన్నాడు నరసన్న.

"కొన్నది ఎద్దయితాది నరసన్నా. ఎద్దుకు సొప్ప ఏస్తాం గానీ మేర పోయం. మేర తీసుకున్యాడంటే వీడు మనిషే. మనిషయితే అమ్మానాయనలు ఉండల్ల. ఎవరప్పా వీని అమ్మానాయనలు?" అన్నాడు బొజ్జన్న.

నేను నవ్వు ఆపుకుంటూ నిలబడ్డాను. అప్పుడు గిడ్డమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, నేల మీద కూర్చుని కొంగు పరిచింది.

"నా ఒళ్లో పెట్టండి. నేను సాక్కుంటా."

మా ఊళ్లో దత్తత అంటే అదే. పెద్దల ఎదుట బిడ్డను ఒళ్లో పెట్టించుకుంటే ఇక తిరుగు లేదు. ఇద్దరు మగవాళ్లు ఆయాసపడుతూ ఇనుపోణ్ణి ఎత్తి ఆమె ఒళ్లో పెట్టారు. బరువుకు ఆమె కళ్ల వెంట నీళ్లు కారాయి. అయినా దించమని అనలేదు. ఒక చేత్తో ఆ డ్రమ్ము వీపు నిమిరింది. నాకు నవ్వు ఆగిపోయింది. జొన్నలు ఉరుకుందు ఇంటికి వెళ్లాయి.

మళ్లీ వానలు పడి కొర్ర వెన్ను తీయగానే నరసన్న ఆ ఇంటి ముందుకు వచ్చాడు.

"గిడ్డమ్మా, పిల్లోణ్ణి పంపు. చేనికి పిట్టలు పడతాండాయి."

"లేడన్నా. బడికి పోయినాడు."

నమ్మకం కుదరక నరసన్న బడి దాకా వెళ్లాడు. ఇనుపోడు తలకు నూనె రాసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. "నా బడిలో అల్లరి చేయనివాడు వీడొక్కడే. ఇంకెవర్నైనా తీసుకుపో, వీణ్ణి మాత్రం అడగొద్దు" అని జ్ఞానమణి అయ్యవారు ఖండితంగా చెప్పాడు. నరసన్న రుసరుసలాడుతూ మళ్లీ గిడ్డమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఇనుపోనికి చదువేంది గిడ్డమ్మా!"

"ఏం, చదవగూడదా? వాళ్ల నాయన బతుకంతా మంచె మీదనే పాయె. నా కడుపున ఒకడు పుట్టింటే మంచె ఎక్కనిస్తునా? వీణ్ణీ ఎక్కనియ్యను."

"మరి నా చేను ఎవరు కాస్తారు?"

"వాళ్ల నాయన ఉన్యాడు గదా. మేర ఆయన ఒళ్లోనే పోస్తానని పదిమందిలో చెప్పు, పంపుతా."

నరసన్న పళ్లు నూరుకుంటూ పదిమందినీ పిలిచి చెప్పాడు. ఉరుకుందు ఒడిసెల భుజాన వేసుకుని బయలుదేరుతుంటే గిడ్డమ్మ వెనక నుంచి కేకేసింది.

"ఇదో, బడి ఇడిసే యాళకు పోయి బిడ్డను ఎత్తుకోని రా. శానా బరువుండాడు, నా ఒక్కదాని చేత కాదు."